ఇంటికి పైకప్పు, మనసుకు ఆసరా
(వార్షిక మహాసభలో మండల సమాఖ్య పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు శాతం ఎంత అన్నది ఈ పుస్తకంలోనే ముందు పేజీల్లో ఉంది. ఆడిట్ అయిన లెక్కలు అవి. వాటిని మళ్ళీ చదివి మీ సమయం తీసుకోము. ప్రతి ఏడూ మహాసభలో ఒక మనిషి గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. ఈ ఏడు ఎవరి గురించి అని పాలకవర్గంలో అనుకున్నప్పుడు, నెలనెలా మీటింగుల్లో మన ముందుకు ఎక్కువగా వస్తున్న బాధలేమిటని చూసుకున్నాము. రెండు తేలాయి. ఒకటి ఇల్లు. బేస్‌మెంటు దగ్గర ఆగినవి, స్లాబు పడక పట్టా కప్పుకున్నవి, అద్దె కట్టలేక ఖాళీ చేసినవి. రెండోది పైకి చెప్పుకోనిది, మనసు జబ్బు. "మా వాడికి ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటారు. ఏం బాగోలేదో చెప్పరు. మనం అడగం.

ఈ రెండింటి కోసం యాభై ఏళ్ళు పనిచేసిన ఒక ఆడమనిషి ఉన్నారు. మన దేశం కాదు, అమెరికా. పేరు రోజలిన్ కార్టర్. అమెరికా అధ్యక్షుడుగా చేసిన జిమ్మీ కార్టర్ గారి భార్య. "అధ్యక్షుడి భార్యతో మనకేం పోలిక?" అని మీలో కొందరు అనుకోవచ్చు. కాస్త వినండి, పోలిక ఉంది.

ఆవిడ 1927 ఆగస్టులో జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. మన దగ్గర పల్లె అంటామే, అంతే ఊరు. వేరుశనగ, పత్తి పండే నేల. నలుగురు పిల్లల్లో ఈవిడే పెద్ద. పదమూడేళ్ళప్పుడు తండ్రి రక్త క్యాన్సరుతో పోయారు. తల్లి కుట్టుపని చేసి, తర్వాత పోస్టాఫీసులో పని చేసి పిల్లల్ని పెంచారు. పెద్దపిల్ల అమ్మ పక్కన కూర్చుని కుట్టుపనిలో సాయం చేసింది, తమ్ముళ్ళను, చెల్లెలిని చూసుకుంది. ఈ కథ మనకు కొత్తది కాదు. మన సంఘాల్లో ఎంతమంది పెద్దకూతుళ్ళు ఇలాగే పెరిగారో మీకు తెలుసు.

1946లో పెళ్ళయింది. భర్త నౌకాదళంలో అధికారి. 1953లో మామగారు చనిపోతే, ఉద్యోగం వదిలేసి సొంత ఊరికి వచ్చి వేరుశనగ వ్యాపారం చూసుకుందామని భర్త నిర్ణయించారు. ఆవిడకు ఆ ఊరికి తిరిగి రావడం బొత్తిగా ఇష్టం లేదు. అయినా వచ్చారు. వచ్చిన తొలి ఏడాది ఆ కుటుంబం ఎక్కడ ఉందో తెలుసా? బీదవాళ్ళ కోసం సర్కారు కట్టిన తక్కువ అద్దె ఇళ్ళల్లో. తర్వాత అధ్యక్షుడైన మనిషి, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు ప్రభుత్వ ఇంట్లో తలదాచుకున్నారు. ఆ మరుసటి ఏడాది కరువొచ్చి వ్యాపారంలో చేతికి వచ్చింది దాదాపు ఏమీ లేదు. అప్పుడు రోజలిన్ గారు గోదాము లెక్కల పుస్తకాలు చేతిలోకి తీసుకున్నారు. ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏది లాభం, ఏది నష్టం, అన్నీ ఆవిడే రాశారు. కొన్నాళ్ళకు, ఏ పంట కొనాలో, దేనికి పెట్టుబడి పెట్టకూడదో భర్త ఆవిడనే అడిగే స్థితి వచ్చింది. పుస్తకం రాసే మనిషి మాటకు విలువ వస్తుందని మన బుక్ కీపర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మనసు జబ్బుల పని ఎలా మొదలైందో ఇప్పుడు చెబుతాము. భర్త జార్జియా గవర్నరు పదవికి పోటీ చేస్తున్న రోజులు. ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకే ఒక పత్తి మిల్లు గేటు దగ్గర నిలబడి కరపత్రాలు పంచుతున్నారు. రాత్రి షిఫ్టు దిగి ఒక పెద్దామె బయటికి వచ్చింది. జుట్టు నిండా, బట్టల నిండా దూది నూగు. "ఇప్పుడింటికెళ్ళి కాసేపు పడుకుంటారా?" అని అడిగారు రోజలిన్ గారు. "మా అమ్మాయికి మతి స్థిమితం లేదు. ఆయన సంపాదన దాని ఖర్చులకు చాలదు. అందుకని రాత్రి నేను పనికి వస్తాను, ఆయన చూసుకుంటాడు. పగలు నేను చూసుకుంటాను" అన్నట్టుగా ఆ తల్లి చెప్పింది. మరి నిద్ర ఎప్పుడో ఆమె చెప్పలేదు, ఈవిడకు అడిగే ధైర్యం రాలేదేమో.

అదే రోజు భర్త మరో చోట సభలో ఉన్నారని తెలిసి రోజలిన్ గారు అక్కడికి వెళ్ళారు. జనం వరసలో నిలబడి ఆయనతో చేయి కలుపుతున్నారు. ఈవిడ కూడా ఆ వరసలోనే వెళ్ళి నిలబడ్డారు. ఎవరో చూసుకోకుండానే చేయి ముందుకు చాచారాయన. "మీరు గవర్నరయితే మనసు జబ్బున్న వాళ్ళకు ఏం చేస్తారు?" అని అడిగారు. ఆయన, దేశంలోకెల్లా మంచి వ్యవస్థ తెస్తామని, ఆ బాధ్యత నీకే అప్పగిస్తామని అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. 1971లో గవర్నరయ్యాక ఆ సేవల్ని బాగుచేయడానికి ఒక కమిషన్ వేసి అందులో ఆవిడను సభ్యురాలిగా పెట్టారు. ఆవిడ కమిషన్ మీటింగులతో సరిపెట్టలేదు. వారానికో రోజు ఆసుపత్రికి వెళ్ళి రోగుల మధ్య స్వచ్ఛందంగా పనిచేశారు.

ఆ రాష్ట్రంలో మిల్లెడ్జ్‌విల్ అనే చోట ఒక పెద్ద మానసిక ఆసుపత్రి ఉండేది. 1960ల్లో అక్కడ 12,000 మందికి పైగా రోగులు. ఒక మండలం జనాభాలో పెద్ద భాగాన్ని ఒకే ప్రహరీ లోపల పెట్టినట్టు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం అరుదు. మన దగ్గర "ఎర్రగడ్డకు పంపించాలి" అని తిట్టుకుంటారు చూడండి, విశాఖ వైపైతే చినవాల్తేరు పేరు చెబుతారు. అక్కడ మిల్లెడ్జ్‌విల్ పేరు చెప్పి పిల్లల్ని బెదిరించేవాళ్ళు. ఊరు మారినా తిట్టు ఒకటే. ఆసుపత్రి పేరు తిట్టుగా మారిన చోట, జబ్బు చేసిన మనిషి ఆసుపత్రి గడప ఎక్కడానికి సిగ్గుపడక ఏం చేస్తుంది?

రోజలిన్ గారూ, ఆ కమిషనూ అడిగింది ఏమిటంటే, జబ్బు మనిషిని ఇంటికి, ఊరికి దగ్గరగా ఉంచి వైద్యం ఇవ్వండి, పెద్ద ప్రహరీల వెనక దాచకండి అని.

1977లో భర్త అధ్యక్షుడయ్యారు. వచ్చిన నెల తిరక్కుండానే మానసిక ఆరోగ్యం మీద దేశం మొత్తానికీ కమిషన్ వేశారు. చుట్టాలకు ప్రభుత్వ పదవులు ఇవ్వకూడదని అక్కడ చట్టం ఉంది. అందుకని ఆవిడను అధ్యక్షురాలిగా వేయడానికి వీల్లేక, గౌరవ అధ్యక్షురాలు అన్నారు. జీతం లేదు, అధికారం లేదు, పని మాత్రం ఉంది. మన సంఘాల్లో కూడా పదవి ఉంటుంది, జీతం ఉండదు కాబట్టి ఈ సంగతి మనకు బాగా అర్థమవుతుంది. ఊరూరా తిరిగి రోగుల మాట, తల్లిదండ్రుల మాట, డాక్టర్ల మాట విన్నారు. 1978లో వందకు పైగా సిఫారసులతో నివేదిక ఇచ్చారు. 1979 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పారు. అధ్యక్షుడి భార్య అలా చట్టసభ ముందు సాక్ష్యం చెప్పడం ఎలినార్ రూజ్వెల్ట్ గారి తర్వాత అదే రెండోసారి. 1980 అక్టోబరులో మానసిక ఆరోగ్య వ్యవస్థల చట్టం వచ్చింది.

కథ ఇక్కడ ఆగితే సుఖంగా ఉండేది. నెల తిరిగేసరికి భర్త ఎన్నికల్లో ఓడిపోయారు. 1981లో కొత్త ప్రభుత్వం ఆ చట్టంలో చాలా భాగాన్ని రద్దు చేసేసింది. డబ్బును రాష్ట్రాలకు మొత్తంగా ఇచ్చేసి, ఇచ్చేది కూడా తగ్గించింది. నాలుగేళ్ళ కష్టం ఒక్క ఏడాదిలో పోయింది.

ఇక్కడే ఇల్లూ మనసూ కలుస్తాయి, జాగ్రత్తగా వినండి. పెద్ద ఆసుపత్రుల తలుపులు తీసి రోగుల్ని బయటికి పంపడం అంతకు ముందు నుంచే మొదలైంది. అది మంచి ఉద్దేశమే. కానీ బయటికి వచ్చిన మనిషికి ఊళ్ళో వైద్య కేంద్రం ఉండాలి, మందు ఉండాలి, అన్నిటికన్నా ముందు తల దాచుకోవడానికి గది ఉండాలి. చెప్పినన్ని కేంద్రాలు కట్టలేదు. చవక అద్దె గదులు నగరాల్లో తగ్గిపోయాయి. చాలామంది వీధిన పడ్డారు, కొందరు జైళ్ళ పాలయ్యారు. నీడ లేని చోట మందు పనిచేయదు. రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషి మాత్ర ఎప్పుడు వేసుకుంటుంది? ఎక్కడ దాచుకుంటుంది?

ఓడిపోయి ఊరికి వచ్చిన ఆ దంపతులు ఇంట్లో కూర్చోలేదు. వాళ్ళ ఊరికి దగ్గర్లోనే అమెరికస్ అనే పట్నంలో, 1976లో మిల్లార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ అనే దంపతులు హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ పెట్టారు. బీదవాళ్ళకు ఇళ్ళు కట్టే సంస్థ. దాని పద్ధతి చెబితే మీరు "అరె, ఇది మన సంఘం పద్ధతే కదా" అంటారు. ఇల్లు ఊరికే ఇవ్వరు. లాభం వేసుకోరు. మొదట్లో పెట్టుకున్న నియమం ప్రకారం వడ్డీ కూడా లేదు. ఇల్లు తీసుకునే కుటుంబం తన ఇంటి మీదా, పక్కవాళ్ళ ఇంటి మీదా ఒళ్ళు వంచి పనిచేయాలి. దాన్ని చెమట వాటా అంటారు. ఆ తర్వాత నెలనెలా కిస్తీ కట్టాలి. ఆ కిస్తీ డబ్బు నిధిలో పడి ఇంకో కుటుంబం ఇంటికి పునాది అవుతుంది. మన అంతర్గత అప్పు తిరిగినట్టే ఆ ఇటుకల డబ్బు తిరుగుతుంది.

1984 సెప్టెంబరులో కార్టర్ దంపతులు తోటి వాలంటీర్లతో కలిసి బస్సెక్కి న్యూయార్క్ వెళ్ళారు. పాడుబడ్డ ఆరంతస్తుల భవనాన్ని 19 కుటుంబాలకు ఇళ్ళుగా బాగుచేసే పని అది. హోటల్లో కాదు, చర్చిలో మంచాల మీద పడుకుని వారం రోజులు పనిచేశారు. అక్కడి నుంచి దాదాపు ప్రతి ఏడూ ఒక వారం ఏదో ఒక ఊళ్ళో ఇళ్ళు కట్టారు. 2019లో, ఆవిడకు 92 ఏళ్ళప్పుడు కూడా వెళ్ళారు. మొత్తం 14 దేశాలు, నాలుగు వేలకు పైగా ఇళ్ళు, లక్ష మందికి పైగా వాలంటీర్లు. ఫొటో కోసం ఒక ఇటుక పెట్టి వెళ్ళిపోయే రకం కాదు. మేకులు కొట్టారు, రంగులు వేశారు, తాళం చేతికిచ్చే వేళకు ఆ ఇంటావిడ పక్కన నిలబడ్డారు.

మన దేశంతోనూ ఆ కుటుంబానికి సంబంధం ఉంది. రోజలిన్ గారి అత్తగారు లిలియన్ గారు 68 ఏళ్ళ వయసులో మన దేశం వచ్చి బొంబాయి దగ్గర విక్రోలిలో నర్సుగా సేవ చేశారు. 2006 అక్టోబరులో కార్టర్ దంపతులు మహారాష్ట్రలో లోనావాలా దగ్గర మళవలిలో వాలంటీర్లతో కలిసి 100 ఇళ్ళ పనిలో పాల్గొన్నారు. ఇంకో సంగతి వింటే మీకు సంతోషం. ఆ హాబిటాట్ సంస్థ మన దేశంలో మొట్టమొదట పని మొదలుపెట్టింది 1983లో, మన ఖమ్మంలోనే. జార్జియాలో పుట్టిన పద్ధతికి మన దేశంలో తొలి గడప తెలుగు నేల మీద పడింది.

ఇల్లు కట్టే పని చేస్తూనే ఆవిడ మనసు జబ్బుల పని వదల్లేదు. భర్తతో కలిసి 1982లో పెట్టిన కార్టర్ సెంటర్‌లో ఆ విభాగాన్ని తానే నడిపారు. 1985 నుంచి ఏటా సంఘాల వాళ్ళనీ, డాక్టర్లనీ, అధికారుల్నీ ఒక చోట కూర్చోబెట్టారు. 1996 నుంచి, ఈ జబ్బుల గురించి ఎగతాళి లేకుండా, భయపెట్టకుండా రాయడం కోసం విలేకరులకు ఫెలోషిప్పులు ఇచ్చారు. బీమా కంపెనీలు ఒంటి జబ్బుకు ఒక రూలు, మనసు జబ్బుకు ఒక రూలు పెడుతున్నాయని ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో, ఎనభై ఏళ్ళకు చేరువలో, మళ్ళీ చట్టసభ కమిటీ ముందు కూర్చుని అదే మాట చెప్పారు. 2008 అక్టోబరులో, రెండు జబ్బుల్నీ సమానంగా చూడాలనే చట్టం వచ్చింది. సంతకం పెట్టింది అవతలి పార్టీ అధ్యక్షుడు. 1981లో పోయిందాన్ని 27 ఏళ్ళు పట్టుకుని వేలాడి వేరే దారిన కొంత తెచ్చుకున్నారు. ఒక్క ఏడాది లింకేజి రాకపోతే "ఈ సంఘం ఎందుకు" అనుకునే మనం ఈ 27 ఏళ్ళను గుర్తు పెట్టుకోవాలి.

ఆవిడ తరచుగా చెప్పిన మాట ఇంకొకటి ఉంది. లోకంలో నాలుగు రకాల మనుషులే ఉంటారట. ఒకప్పుడు ఇంకొకరిని చూసుకున్నవాళ్ళు, ఇప్పుడు చూసుకుంటున్నవాళ్ళు, రేపు చూసుకోబోయేవాళ్ళు, తమనే ఎవరో ఒకరు చూసుకోవాల్సిన వాళ్ళు. ఇలా రోగిని చూసుకునేవాళ్ళ కోసమే 1987లో ఒక సంస్థ పెట్టారు. చివరికి ఆవిడకే మతిమరుపు జబ్బు వచ్చింది. ఆ కుటుంబం దాచిపెట్టలేదు. 2023 మేలో అందరికీ చెప్పేశారు. అదే ఏడు నవంబరు 19న, 96 ఏళ్ళ వయసులో, 1961లో తాము కట్టుకున్న రెండు పడగ్గదుల ఇంట్లోనే కన్నుమూశారు.

ఇక మన సంగతికి వద్దాము.

మన దగ్గర మనసు జబ్బును ఏమంటారు? గాలి సోకింది అంటారు, చేతబడి అంటారు, బాణామతి అంటారు. పెళ్ళి చేస్తే కుదురుతుందంటారు. ఆడపిల్లకైతే "నటన" అంటారు. భూతవైద్యుడికి, తాయెత్తుకు, ప్రయాణాలకు అయిన ఖర్చు సంఘంలో తీసుకున్న అప్పులోంచే పోతుంది. పుస్తకంలో మాత్రం "గేదె కొనుగోలు" అని ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో మనిషిని వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఏం జరిగిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మొక్కు కోసం తెచ్చి పెట్టిన మానసిక రోగులు ఉన్న పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల బయటికి రాలేక 28 మంది చనిపోయారు. కట్టేసింది పగవాళ్ళు కాదు, "నయమవుతుంది" అనుకున్నవాళ్ళే.

అలాంటి ఘోరాల తర్వాతే చట్టం మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాంట్లో మనం నోటికి గుర్తు పెట్టుకోవాల్సినవి నాలుగు. మనిషిని గొలుసులతో కట్టేయడం నిషేధం. సర్కారు ఖర్చుతో వైద్యం పొందడం హక్కు. బీమా కంపెనీ ఒంటి జబ్బును చూసినట్టే మనసు జబ్బునూ చూడాలి. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలి తప్ప నేరస్థురాలిగా కేసుపెట్టి శిక్షించకూడదు. ఈ చివరి మాట మన ఊళ్ళల్లో చాలామందికి ఇంకా తెలియదు. పురుగుమందు తాగిన పిల్లను "పోలీసు కేసవుతుంది" అన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఉప్పునీళ్ళు పోస్తూ కూర్చుంటున్నారు. అది చేయకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

చట్టం ఉంది, చేరాల్సిన చోటికి చేరడం లేదు. 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, చాలా రకాల మానసిక జబ్బుల్లో పదిమందిలో కనీసం ఏడుగురికి వైద్యమే అందడం లేదు. డబ్బు ఒక్కటే కారణం కాదు. ఎక్కడికి పోవాలో తెలియకపోవడం, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఎక్కువ.

ఇదంతా సంఘానికి ఎందుకు అని అడిగే అక్కలూ ఉన్నారు. పాలకవర్గం మీటింగులో కూడా ఈ మాట వచ్చింది. "మనం పొదుపు సంఘం, ఆసుపత్రి కాదు. వసూలు చూసుకోవాలి గానీ ఇంటి గొడవల్లోకి ఎందుకు?" అని. ఆ మాటలో న్యాయం ఉంది. అందరి డబ్బు అది. ఒకరు కట్టకపోతే పదిమందికీ లింకేజి ఆగుతుంది. కానీ ఇంటి గొడవ అన్న మాట మనం ఇంతకు ముందు కూడా విన్నాము. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడూ మొగుడు తాగడం ఇంటి గొడవే అన్నారు. ఆ ఇంటి గొడవే రాష్ట్రమంతా పాకి 1993లో సారాను నిషేధించేదాకా వచ్చింది. ఏ బాధైతే ఇంటింటా ఉంటుందో అది ఇంటి గొడవ కాదు, ఊరి గొడవ.

వసూలు వైపు నుంచి చూసినా లెక్క ఇదే చెబుతుంది. సంఘంలో పదేళ్ళుగా ఒక్క కిస్తీ తప్పని ఒక చెల్లెలు ఉందనుకోండి. ఇల్లు మంజూరైంది. పాత గుడిసె తీసేసి పునాది లేపింది. బిల్లు విడతలుగా వస్తుంది, మేస్త్రీ ముందే అడుగుతాడు, సిమెంటు ధర పెరుగుతుంది. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. వానాకాలం పట్టా కింద కాపురం. నిద్ర ఉండదు. తిండి సయించదు. మీటింగుకు వచ్చినా మాట్లాడదు, తర్వాత రావడమే మానేస్తుంది. పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా బాకీ కనిపిస్తుంది. బాకీ వెనక ఉన్న నిద్రలేని రాత్రులు కనిపించవు. ఇలాంటి మనిషి ఇంటి ముందుకు పదిమందిమి పోయి కూర్చుంటే బాకీ తీరదు, ఆమె ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. ఒక్కరు పోయి పక్కన కూర్చుని "నిద్ర పడుతోందా?" అని అడిగితే కొంత దారి దొరుకుతుంది. మందుతో, మాటతో ఆరు నెలల్లో నిలదొక్కుకున్న మనిషి కిస్తీ కూడా కడుతుంది.

అందుకని పాలకవర్గం ఈ ఏడాదికి అయిదు పనులు ప్రతిపాదిస్తోంది. గ్రామ సంఘాల్లో చర్చించి, వద్దనుకున్నది వద్దని, కావాలనుకున్నది కావాలని తీర్మానం రాసి పంపండి.

ఒకటి. ఏ సభ్యురాలైనా వరుసగా రెండు మీటింగులకు రాకపోతే, వసూలు కమిటీ కన్నా ముందు ఆమెకు నచ్చిన ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్ళాలి. ఆ రోజు బాకీ మాట ఎత్తకూడదు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, ఇల్లు ఎంతవరకు వచ్చింది అని మాత్రమే అడగాలి.

రెండు. 14416 నంబరును ప్రతి సంఘం మినిట్స్ పుస్తకం అట్ట లోపల రాసుకోవాలి. ఇది టెలి మానస్. 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. చదువు రాని అక్కలకు వీఓఏ చెల్లెలు ఫోను కలిపి ఇచ్చి, తాను పక్కకు వెళ్ళిపోవాలి.

మూడు. జబ్బు మనిషిని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోవడానికి, తోడు వెళ్ళే సభ్యురాలి బస్సు ఛార్జీలు, ఆ రోజు భోజనం ఖర్చు గ్రామ సంఘం సామాజిక నిధి నుంచి ఇవ్వాలి. నయమైనట్టు అనిపించగానే మందు మానేయడం వల్లే జబ్బు తిరగబెడుతుంది. డాక్టరు చెప్పేదాకా మందు ఆపకుండా చూడటం కూడా ఆ తోడు వెళ్ళినవాళ్ళ పనే. ఎక్కువ కాలంగా జబ్బున్నవాళ్ళకు సదరం శిబిరంలో సర్టిఫికెట్ కోసం పేరు రాయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది.

నాలుగు. మధ్యలో ఆగిపోయిన ఇళ్ళ జాబితా ప్రతి గ్రామ సంఘం తయారు చేయాలి. పట్టా ఎవరి పేరున ఉంది, ఎన్ని బిల్లులు వచ్చాయి, ఏది ఎందుకు ఆగింది అని. ఆ జాబితా పట్టుకుని సమాఖ్య హౌసింగ్ అధికారుల దగ్గరికి వెళుతుంది. ఒక్కొక్కరూ విడివిడిగా తిరిగి అలిసిపోవడం వద్దు. ఇంట్లో మనసు జబ్బు మనిషి ఉన్న కుటుంబాల ఇళ్ళు ఆ జాబితాలో ముందు ఉండాలి. చెమట వాటా మన ఊళ్ళోనూ కొత్త కాదు. స్లాబు పోసే రోజున వీధి వీధంతా తట్టలు అందుకున్న ఊళ్ళు మనవి. అలాంటి ఒక్కో ఇంటికి సంఘం సభ్యులు ఒక్కో రోజు శ్రమదానం చేయాలి.

అయిదు. ఇది అన్నిటికన్నా గట్టిది. ఎవరి జబ్బు పేరూ మినిట్స్ పుస్తకంలో రాయకూడదు. ఒకరి ఇంట్లో విన్నది ఇంకొకరి ఇంట్లో, బోరింగు దగ్గర, ఆటోలో చెప్పకూడదు. మనం డాక్టర్లం కాము. ఫలానా జబ్బు అని పేరు పెట్టే పని మనది కాదు. తోడు వెళ్ళడం, నోరు కట్టుకోవడం, ఈ రెండే మన పని. "పిచ్చి", "మెంటల్" అన్న మాటలు ఈ రోజు నుంచి మన మీటింగుల్లో వినపడకూడదు. పిల్లల్ని విసుక్కునేటప్పుడు కూడా.

వీటికి పెద్ద డబ్బు పడదు. ఏడాదికి ఒక గ్రామ సంఘం చేసే టీ ఖర్చు అంత కూడా కాకపోవచ్చు. కావాల్సింది ఓపిక. రోజలిన్ గారి దగ్గర అధికారం ఉన్నది నాలుగేళ్ళే. అది పోయాక పనిచేసింది నలభై ఏళ్ళు. ఎన్నికల్లో ఎన్నడూ నిలబడని, జీతం తీసుకోని ఒక కుట్టుపని అమ్మ కూతురు, పట్టు వదలకపోతే చట్టాలు ఎలా మారతాయో, ఇళ్ళు ఎలా లేస్తాయో చూపించారు. మనం చట్టం మార్చనక్కర్లేదు, మనకు మంచి చట్టమే ఉంది. దాన్ని మన ఊరి గడప దాటించాలి, అంతే.

భోజనాల తర్వాత గ్రామ సంఘాలవారీగా కూర్చుంటారు. అయిదు ప్రతిపాదనల కాగితం ప్రతి అధ్యక్షురాలి చేతికి ఇస్తున్నాము. చదివి వినిపించండి. వెనక కూర్చున్నవాళ్ళు, మాట్లాడటానికి మొహమాటపడేవాళ్ళు ఏమంటారో ముందు వాళ్ళనే అడగండి. నెలాఖరులోగా తీర్మానాలు సమాఖ్య ఆఫీసుకు చేరాలి.

 జై మహిళా శక్తి.